కాళ్ళు కడుక్కుని రండి

కాళ్ళు కడిగించుకోవడానికి కాళ్ళు కడుక్కుని వచ్చే జనం మేము. గుడ్ ఫ్రైడేకి ముందురోజు, పవిత్ర గురువారం సాయంత్రం, మా సెయింట్ కొలంబా చర్చికి వచ్చేవాళ్ళంతా ఇంటి దగ్గరే గోళ్ళు తీసుకుని, మడమలు రుద్దుకుని, కొత్త సాక్సులు తొడుక్కుని మరీ బయలుదేరతారు, చుట్టాలొస్తున్నారంటే చెత్తంతా మంచం కిందకి తోసేసే ఇల్లాళ్ళలాగా. ప్రభువు శిష్యుల కాళ్ళకి దుమ్ముండేది, మా కాళ్ళకి పౌడరుంటుంది, ఆయనే వచ్చినా మా కాళ్ళు కడగాలంటే ముందు మురికి చెయ్యాలి అని ప్రతి ఏడూ కింది హాల్లో సూప్ తాగేటప్పుడు నేనంటాను, ప్రతి ఏడూ అందరూ మొదటిసారి విన్నట్టే నవ్వుతారు. ఈ ఏడు అనలేదు. అనలేదన్న సంగతి ఎవరూ గమనించలేదో, గమనించి మర్యాదకి ఊరుకున్నారో, మా వాళ్ళ సంగతి చెప్పలేం, మునిగే పడవలో కూడా ముందు మీరు దిగండి అంటే కాదు ముందు మీరు అనుకుంటూ అందరూ కలిసి మునిగిపోయే రకం. ఇప్పుడు పైన మూడో బెంచీలో కూర్చున్నాను, ముందు నిలబడి ఎవరో వాక్యం చదువుతున్నారు, గోడల్లో వేడి నీళ్ళ గొట్టాలు టకటకలాడుతున్నాయి, మెట్ల మీంచి పప్పు సూప్ వాసన, బయట సుపీరియర్ సరస్సు మీద ఏప్రిల్ మంచు పగులుతున్న మోత, నా కుడి బూటులో నా కుడి కాలు. కాలు ఉందని చూస్తే తెలుస్తోంది గానీ చూడకపోతే తెలియడం లేదు.

పీఠం ముందు కుర్చీ, కుర్చీ ముందు ఇత్తడి పళ్ళెం, పక్కన కూజాలో గోరువెచ్చని నీళ్ళు, మడతపెట్టిన తెల్ల తువ్వాళ్ళు, అన్నీ సిద్ధంగా ఉన్నాయి. మా చర్చిలో పద్ధతి వేరు. కొన్నిచోట్ల బోధకుడు పన్నెండు మందిని ఏరుకుని కడిగేసి చేతులు దులుపుకుంటాడు. మా బోధకురాలు మదర్ థియా మొదటి మనిషి కాళ్ళు మాత్రమే కడుగుతుంది, ఆ కడిగించుకున్న మనిషి లేచి మోకాళ్ళ మీద కూర్చుని తన వెనకున్న మనిషి కాళ్ళు కడగాలి, ఆ మనిషి లేచి తన వెనకవాళ్ళవి, అలా గొలుసు, ఎవరి కాలు ఎవరి చేతిలో పడుతుందన్నది వరుసలో ఎక్కడ నిలబడ్డామన్న దాని మీద ఉంటుంది. అందుకని భక్తితో తల దించుకున్నట్టే కనిపిస్తూ మా వాళ్ళంతా లోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు, ఆవిడ వెనక వద్దు, ఈయన ముందు వద్దు, వెనక్కి జరుగుతారు, తువ్వాలు సర్దినట్టు నటిస్తారు. ఎన్నో ఏళ్ళుగా ఆ గొలుసులో మొదటి లింకు నేనే. సిగ్గరుల దేశంలో సిగ్గులేనివాడు కాబట్టి. నా వెనక రోలండ్. మదర్ నావి కడుగుతుంది, నేను రోలండ్‌వి కడుగుతాను, ఇద్దరు మగవాళ్ళలో ఒకడు ఇంకొకడి కాళ్ళు తుడుస్తుంటే మొదటేడు గొంతు సవరించుకున్నవాళ్ళు తర్వాతేడు కళ్ళు తుడుచుకున్నారు, ఆ తర్వాతేడు మా పెళ్ళికి కేకు చేసి తెచ్చారు. కానీ ఈ ఏడు మదర్ వద్దు. మదర్ థియా ఇక్కడికి రాకముందు ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చునే పని చేసింది, ఆమె కళ్ళు సాక్సు లోంచి చూస్తాయి.

అందుకని విన్నీ. విన్నిఫ్రెడ్ ఓట్స్, మా సంఘంలో అందరికంటే పెద్దావిడ, రెండు కళ్ళలోనూ శుక్లాలు, ఆపరేషన్ చేయించుకోమంటే ఇన్నేళ్ళు మిమ్మల్నందర్నీ స్పష్టంగా చూశాను, ఇక మసగ్గా చూస్తే చాలు అంటుంది. ఈసారి మొదటి కుర్చీ పెద్దవాళ్ళకిద్దాం, అది మర్యాద అని ఆదివారం నుంచీ ప్రచారం చేశాను. మర్యాద అన్న మాట వినపడగానే మా వాళ్ళు తలలూపేశారు. విన్నీ ముందు, నేను వెనక, విన్నీ నా కాళ్ళు కడుగుతుంది, విన్నీకి కనపడదు, ఒంటి రంగు పట్టీ వేసుకున్నాను, అంతా అరనిమిషం పని. పథకం పక్కాగా ఉంది. పెదవి మీద మాత్రం చెమట.

పిన్ను గుచ్చుకున్నది ఎప్పుడో నాకు తెలియదు, అదే కదా గొడవంతా. కింది హాల్లో నోటీసు బోర్డుకి రంగు కాగితం అంటించింది నేనే, గురువారం సూప్, అన్ని కాళ్ళకూ స్వాగతం అని రాసిందీ నేనే, రోడ్డు మీద బోర్డుకి అక్షరాలు తగిలించిందీ నేనే, ఆ ఊపులో ఒక బోర్డు పిన్ను కింద పడి ఉంటుంది, దాన్ని తొక్కి ఉంటాను, అది బూటు అడుగు దిగి, సాక్సు దిగి, నాలోకి దిగి ఉంటుంది. అన్ని కాళ్ళకూ స్వాగతం పలికిన కాగితం పిన్ను నా కాలికి స్వాగతం పలికింది. ఎన్నాళ్ళు దాని మీద నడిచానో. మెట్లెక్కాను, మంచు తవ్వాను, ఎవరిదో పెళ్ళి విందులో రోలండ్‌తో డ్యాన్సు చేశాను. షుగరు జబ్బు అని డాక్టరు శరదృతువులో చెప్పినప్పుడు రోలండ్ వంటింట్లో తియ్యటివన్నీ మూటకట్టి ఎదురింటి లూథరన్లకి ఇచ్చేశాడు, నాకో చేతి అద్దం కొనిపెట్టాడు, రోజూ అరికాళ్ళు చూసుకోమని, చూశావా అని రోజూ పడుకునే ముందు అడుగుతాడు, చూశాను అని రోజూ అంటాను. అద్దంలో జుట్టు దువ్వుకున్నాను, అబద్ధమేం కాదు, చూశాను, పైభాగం.

బయటపడింది బ్రేకు వల్ల. నేను కారు నడపడం నేర్పిస్తాను, ఈ ఊళ్ళో సగం మంది నా పక్కన కూర్చునే వణికారు, నా సీటు కింద నాకో సొంత బ్రేకుంటుంది, ఎదురుగా స్టీరింగు లేకుండా బ్రేకొక్కటే ఉన్న మనిషిని, పెళ్ళయిన మగవాళ్ళ పరిస్థితే అని క్లాసులో చెప్తుంటాను. మంగళవారం మధ్యాహ్నం బ్రిన్ అనే పిల్లతో వాలు దిగుతున్నాం, కింద బడి దగ్గర పిల్లల్ని దాటించే ఆవిడ చేతిలో ఎర్ర పలక పట్టుకుని రోడ్డు మధ్యకి వచ్చింది, పిల్లలు దాటుతున్నారు, బ్రిన్ చూడలేదు, నేను చూశాను, తొక్కాను. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఆగలేదు. చివరికి బ్రిన్ చూసింది, తనే తొక్కింది, ఎర్ర పలకావిడ మోకాలికీ మా బంపరుకీ మధ్య ఒక రొట్టె ముక్క పట్టేంత జాగా.

"మీరెందుకు తొక్కలేదండీ?" అని ఏడుపు గొంతుతో అడిగింది బ్రిన్.

"నువ్వు తొక్కుతావా లేదా అని చూశాను. పాసయ్యావు పో," అన్నాను.

కిందకి చూస్తే నా కాలు బ్రేకు పక్కన నేల మీద ఉంది. ఒళ్ళంతా బరువుపెట్టి నేలని తొక్కుతున్నాను. ఇంటికెళ్ళి స్నానాలగదిలో తలుపేసుకుని బూటు విప్పితే లోపల అడుగులోంచి ఇత్తడి మొన మెరిసింది. సాక్సు పీకితే నొప్పి లేదు. బొటనవేలి కింద గుంట, చుట్టూ తెల్లగా ఉబ్బిన అంచు, వాసన. నొప్పి లేని చోట భయం ఉంటుందని ఆ వేళే తెలిసింది. శనివారం పొద్దున బ్రిన్‌కి మళ్ళీ క్లాసుంది. అదే వాలు. వస్తానన్నాను.

చెప్పొచ్చు కదా. చెప్పు విప్పితే నోరు కూడా విప్పాలి, అక్కడొచ్చింది చిక్కు. చెప్తే ఏమవుతుందో నాకు తెలుసు, మా నాన్నకి అయ్యింది. మా నాన్నది కూడా నా గొంతే, గొంతుతో తలుపులు తీసే మనిషి, ఆయన కుడి కాలు వాయిదాల పద్ధతిలో వెళ్ళిపోయింది. మొదట వేలు, తర్వాత పాదం, తర్వాత మోకాలి దాకా, ప్రతి కోతకీ ఆయనో జోకు కట్టేవాడు, నేను దేవుడికి కొంచెం కొంచెంగా చేరువవుతున్నానర్రా, కింది నుంచి అనేవాడు, జోకులయిపోయాక ఆయనా అయిపోయాడు. ఆ చివరి రాత్రి రోలండ్ నాతో ఆసుపత్రికి వచ్చాడు. అప్పటికి మాకు పెళ్ళి లేదు, పెళ్ళి చేసుకోనిచ్చే చట్టమూ లేదు. లోపలికి ఎవరెవరు రావాలి, ఈయన తాలూకు ఎవరు అని నర్సు అడిగితే, ఆ బట్టతలతను ఎవరు అంటే, మా మేనత్త తడుముకోకుండా వాళ్ళింట్లో అద్దెకుంటాడు అంది. రోలండ్ తలూపాడు. అంత మర్యాదగా తలూపడం ఇంకెవరికీ రాదు. తెల్లారేదాకా కాఫీ యంత్రం పక్కన కూర్చున్నాడు, అద్దెకుండేవాడు.

వాక్యం అయిపోయింది. మదర్ థియా ఏదో చెబుతోంది, ఈ వేళ ప్రభువు ఎవర్నీ ఏరలేదు, కాసేపట్లో తనని పట్టివ్వబోయేవాడి కాళ్ళు కూడా కడిగాడు, ఎవరికైనా సరే ఇక్కడ కుర్చీ ఖాళీగానే ఉంటుంది అని. ఆమె గొంతు నాలో సగం వరకే వస్తోంది, మిగతా సగం నా కాలి దగ్గరే ఉంది. వెనక బెంచీలో కార్లీన్ ఉందా అని చూశాను. ఉంది. దుంగల లారీ నడిపే అమ్మాయి, అమ్మాయంటే నలభై ఉంటాయి, గళ్ళ చొక్కా, వేలంత ఉంగరం. మంచు కరిగే నెల కాబట్టి బరువు బండ్లు రోడ్డెక్కకూడదు, లారీ ఆపేసి సరస్సు ఒడ్డున గది తీసుకుని ఉంటోంది, దారిన పోతూ నా బోర్డు చదివి సూప్ కోసం వచ్చింది. ఆమెని గుమ్మంలో పట్టుకున్నది నేనే, కొత్త ముఖం కనపడితే వదలను, నా పనే అది, సంఘంలో స్వాగతాల పెద్దని. సూప్‌కి వచ్చినవాళ్ళ చూపు మెట్ల వైపు తిప్పడంలో నన్ను మించినవాడు లేడు.

"అన్ని కాళ్ళకీ అని రాశారు. పొద్దుట్నించీ రబ్బరు బూట్లలో ఉన్న కాళ్ళు కూడానా?" అని అడిగింది రొట్టె నమిలేస్తూ.

"తల్లీ, మీ కాళ్ళకోసమే కదా రాసింది. మావన్నీ ఉత్తుత్తి మురికి."

"నాకు ప్రార్థనలు గట్రా రావు."

"మాకు మాత్రం వచ్చా, పుస్తకం చూసి చదువుతాం. ముందు వాడు ఏం చేస్తే మీరదే చెయ్యండి. భయపడకండి, నేనున్నాను," అన్నాను.

నేనున్నాను. ఎంత ధీమాగా అన్నానో. విన్నీ అటు చివర్నుంచి, "ఒరేయ్ ఎల్డన్, ఆ పిల్లని తిననివ్వరా, నీ స్వాగతం విని పారిపోయినవాళ్ళు కూడా ఉన్నారు," అంటే అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వుతూనే బల్ల కింద కుడి బూటు ఎడమ బూటు వెనక దాచుకున్నాను, ఎవరు చూస్తారని.

కదిలారు. ఆర్గాను మెల్లగా మొదలైంది. విన్నీ మోచెయ్యి పట్టుకుని నడిపించాను, కుర్చీలో కూర్చోబెట్టాను, ఆమె సాక్సులు ముదురు గులాబీ రంగు, మదర్ థియా మోకాళ్ళ మీద వంగింది, కూజా వంపింది, నీళ్ళ చప్పుడు. నేను తర్వాత. బూట్లు విప్పాను, వరుసలో నిలబడేవాళ్ళు సాక్సులతో నిలబడాలి. కుడి సాక్సు నల్లది, తడి ఉన్నా తెలియదు. నల్లవి ఏరి తొడుక్కున్నాను. పక్కన మెట్లు కిర్రుమన్నాయి, పాటల బృందం దిగుతోంది, రోలండ్ మంద్రంగా పాడే బాస్ గొంతుల వరుసలోంచి తప్పుకుని తిన్నగా వచ్చి నా వెనక నిలబడ్డాడు, ఎప్పటిలాగే. అతని ఊపిరి నా మెడకి తెలుస్తోంది. మెడకి అన్నీ తెలుస్తాయి. రోలండ్ పియానోలు శృతి చేస్తాడు, పక్క వీధిలో తీగ వదులైతే ఇక్కడ అన్నం సహించదు అతనికి, నా దగ్గర కారు నేర్చుకోవడానికొచ్చినప్పుడు కూడా ఇంజను ఏ స్వరంలో ఉందో చెప్పేవాడు గానీ గేరు ఏదో చెప్పలేకపోయేవాడు. మూడుసార్లు తప్పాడు పరీక్ష. మూడోసారి తప్పాక కాఫీ తాగుదామా అన్నాను. ఇవన్నీ ఇప్పుడెందుకు గుర్తుకొస్తున్నాయి. అరనిమిషం. విన్నీకి కనపడదు. రోలండ్ నా వీపు వెనకుంటాడు, అతనికి నా తల మాత్రం కనపడుతుంది, తలలో ఏముందో కనపడదు. ఆ తర్వాత ఈస్టరు, ఈస్టరు తర్వాత డాక్టరు, అదీ ప్రాస కుదిరింది, అప్పుడు చెప్తాను.

విన్నీ లేచింది. మదర్ చెయ్యిచ్చి ఆమెని మెత్త మీద మోకాళ్ళూనించింది. నేను ఒక అడుగు వేశాను. అప్పుడు కార్లీన్ కనపడింది, నడవ మధ్యలో, చేతిలో రబ్బరు బూట్లు పట్టుకుని, ఎక్కడ నిలబడాలో తెలియక, పక్కవాళ్ళు ముందుకి పొమ్మని, ఇంకా ముందుకి, ఇంకా ముందుకి అని చేతులతో చూపిస్తుంటే, కొత్త మనిషిని చివర నిలబెట్టడం అమర్యాద కదా, బెంచీ తర్వాత బెంచీ ఆమెని చేతులు మార్చుకుంటూ తెచ్చేశారు, నా పక్కదాకా. ఆమె నా వంక చూసింది. ఇంకెవరి వంక చూస్తుంది, నేనున్నాను అన్నది నేనే.

నా ప్రాణమంతా వద్దు వద్దు అంటూనే ఉంది. నా చెయ్యి మాత్రం చాచుకుని కుర్చీ చూపించింది. నా నోరు, ఇన్నేళ్ళ అలవాటు, "ముందు మీరు," అంది.

ఆమె కూర్చుంది. అంతే. ఒక్క మాట. విన్నీ కార్లీన్ కాళ్ళు కడుగుతోంది, మసక కళ్ళతో, తడుముకుంటూ, ఎంత నెమ్మదిగానో, నాకు కావాలనుకున్న ఆ కళ్ళు లేని చేతులు ఇంకొకరి పాదాల చుట్టూ తిరుగుతున్నాయి. పారిపోవచ్చు. దగ్గొచ్చినట్టు. ఎడమ కాలొక్కటి చాలంటే? మా పద్ధతి రెండు కాళ్ళూ. నేనే పెట్టిన పద్ధతి, ఒక కాలు కడిగితే రెండోది అలుగుతుంది అని ఒకేడు ప్రకటించాను, అందరూ నవ్వి రెండూ కడగడం మొదలెట్టారు. ప్రభువు కాళ్ళు కడగబోతే పేతురు వద్దన్నాడు, నేనూ వద్దంటే? వద్దన్నవాడికి తనలో వాటా లేదని కదా ప్రభువు జవాబు. వెనక రోలండ్ ఊపిరి. వాళ్ళింట్లో అద్దెకుంటాడు. కార్లీన్ లేచింది, కళ్ళు తడిగా ఉన్నాయి, ఎందుకో ఆమెకే తెలియనట్టుంది, విన్నీని చూసి చూసి అలాగే మెత్త మీద మోకాళ్ళూనింది. ముందు వాళ్ళు చేసినట్టే చేస్తోంది. కుర్చీ ఖాళీ. కూర్చున్నాను.

ఎడమ సాక్సు విప్పాను. కుడి సాక్సు విప్పాను, అది రానంది, అంటుకుంది, లాగాను, పట్టీ కూడా దాంతోపాటే పోయింది, కనపడకుండా సాక్సుని ఉండచుట్టి పిడికిట్లో పెట్టుకున్నాను. పాదం నేలకి ఆనించి ఉంచితే చాలు, అరికాలెవరు చూస్తారు. కార్లీన్ నా ఎడమ కాలు నీళ్ళలో పెట్టింది. వెచ్చగా హాయిగా ఉంది, అమ్మ గుర్తొచ్చేంత హాయి. తుడిచింది. కుడి కాలు. నీళ్ళు పోస్తున్నట్టు కనపడుతోంది. కనపడుతోంది, అంతే.

"నీళ్ళు చల్లారిపోయాయా?" అని అడిగింది కార్లీన్.

"బాగున్నాయి."

"వేడి తెప్పించమంటారా?"

"అబ్బే, బాగున్నాయన్నాను కదా."

ఇందాక విన్నీ కార్లీన్ పాదాన్ని ఎత్తి అడుగున కూడా కడిగింది కాబట్టి ఆమె కూడా నాది ఎత్తింది. లారీ చక్రం చూసేవాళ్ళలా వంగి చూసింది. చేతులు ఆగిపోయాయి. ఇక్కడ మా వాళ్ళెవరున్నా ఏం చేసేవాళ్ళో నాకు తెలుసు. చూసేవాళ్ళు, చూపు తిప్పుకునేవాళ్ళు, ఇంకాస్త మృదువుగా తుడిచి, ఇంటికెళ్ళి నా పేరు చెప్పి ప్రార్థించేవాళ్ళు, ఆదివారం కాఫీ దగ్గర ఆరోగ్యం ఎలా ఉంది ఎల్డన్ అని అడిగేవాళ్ళు, నేను గుర్రంలా ఉన్నాను అంటే సకిలించమని కూడా అడక్కుండా నమ్మేసేవాళ్ళు. వాళ్ళ మర్యాద మీద నా పథకమంతా కట్టుకున్నాను. ఈమెకి మా మర్యాద తెలియదు, ఎవరూ నేర్పలేదు, నేను కూడా ముందు వాడు ఏం చేస్తే అదే చెయ్యమన్నాను గానీ చూసీ చూడనట్టు ఉండమని చెప్పలేదు.

"మీ కాలికి బొక్క పడిందండీ," అంది, ఇంజను హోరులో మాట్లాడి అలవాటైన గొంతు, చివరి బెంచీ దాకా వెళ్ళింది.

ఆర్గాను ఆగలేదు. బెంచీల్లో పాటల పుస్తకాల పేజీలు తెగ తిరగేస్తున్నారు.

"అది గాలి ఆడటానికి," అన్నాను. అప్పటికప్పుడు పుట్టింది. మంచిదే. వేరే చోటయితే పేలేది. నా గొంతు మా నాన్న గొంతులా వినపడింది నాకు.

ఆమె నవ్వలేదు. "నొప్పి లేదా?"

"లేదు."

"ఇంత దానికి నొప్పి పుట్టాలి కదా," అంది. మళ్ళీ చూసింది. బొటనవేలితో అంచు నొక్కింది, నాకేం తెలియడం లేదని నా ముఖంలో చూసింది. తువ్వాలు తీసి పాదం చుట్టూ చుట్టింది, చుట్టి వదల్లేదు, రెండు చేతులతో పట్టుకునే తలెత్తి మదర్ వంక, విన్నీ వంక, వరుసలో అందరి వంకా చూసి అడిగింది. "ఈయన తాలూకు ఎవరండీ ఇక్కడ?"

గొట్టాలు టకటకమన్నాయి. జవాబు చెప్పాల్సింది వాళ్ళెవరూ కాదు కదా. నా వీపు వెనక ఊపిరి ఒక్కసారి ఆగింది.

"నేను," అన్నాడు రోలండ్. ఆ బాస్ గొంతు. గుంపులో పాడుతున్నప్పుడు విడిగా వినపడని గొంతు.

మదర్ థియా వచ్చి నా భుజం మీద చెయ్యేసింది. "ఎల్డన్, లేవకు. మిగతాది నేను చూసుకుంటాను," అంది మెల్లగా. నేను తలడ్డంగా ఊపాను. గొలుసు తెగకూడదు, నా వెనకవాడి కాళ్ళు నావే. తువ్వాలు చుట్టిన కాలితో కుర్చీ దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాను, రోలండ్ కూర్చున్నాడు, సాక్సులు అతనే విప్పుకున్నాడు, ఎప్పుడూ అతని కాళ్ళు చల్లగా ఉంటాయి. కూజా తీసి పోశాను. నా చేతులకి నీళ్ళ వేడి తెలిసింది. ఇంకా వెచ్చగానే ఉన్నాయి.

"అద్దంలో చూడలేదు," అన్నాను పాదంతో చెబుతున్నట్టు.

"తెలుసు."

"మంగళవారం బ్రేకు అందలేదు రోలీ. పిల్లలు దాటుతున్నారు. తొక్కాననుకున్నాను, నేలని తొక్కాను." ఈ వాక్యంలో ఒక్క చమత్కారం లేదు. ఇంత బోసి వాక్యం నా నోట్లోంచి రావడం నేనే వినలేదు ఎప్పుడూ.

నీళ్ళనే చూస్తూ అన్నాడతను, "మెట్ల మీద నీ అడుగు శృతి తప్పి చాలా రోజులైంది ఎల్. ఎడమది మోగుతుంది, కుడిది మోగదు. వింటూ పడుకున్నాను. నువ్వే చెప్తావని."

"నా మొహం, అడగొచ్చు కదా, అడిగితే చచ్చేవాడివా?"

"మర్యాదగా ఉండదని," అన్నాడు, అంటూనే ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో నా చోటు నుంచి తెలియలేదు, రెండో కాలు కూడా కడిగాను, మా పద్ధతి రెండు కాళ్ళూ.

శనివారం క్లాసు లేదు. ఆ మాట బయటికన్నానో లోపలన్నానో. విన్నీ వంక చూస్తే నా వైపు కాకుండా పక్క స్తంభం వైపు చూస్తూ, "వెళ్ళండిరా, ఇంకా ఏం చూస్తున్నారు," అంటోంది. మా వెనక గొలుసు సాగుతోంది, రోలండ్ తర్వాతవాళ్ళవి కడిగి లేచేసరికి కార్లీన్ మా రెండు జతల బూట్లూ పట్టుకుని పక్క తలుపు తెరిచి నిలబడి ఉంది. బయట రోడ్డు మీది నా బోర్డు వంక తల ఊపి, "నేనేమైనా తప్పుగా మాట్లాడానా?" అని అడిగింది. లేదని తలూపాను. ఇంకాసేపట్లో పీఠం మీద గుడ్డలు, కొవ్వొత్తులు, వెండి, అన్నీ ఒక్కొక్కటే తీసేస్తారు, చెక్క మిగులుతుంది, ఆ తర్వాత దీవెన లేకుండా, వెళ్ళొస్తామని కూడా అనకుండా చీకట్లో ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళాలి, మాట్లాడకూడదు, అదీ పద్ధతి, ఏటా కార్ల దగ్గరికి వెళ్ళేలోపే ఆ నిశ్శబ్దాన్ని పగలగొట్టేది నేనే.

మేము తెచ్చుకున్నది నా క్లాసు కారే, నెత్తి మీద నా పేరున్న పలకతో సహా. తాళాలు రోలండ్ చేతిలో పెట్టాను. అతను స్టీరింగు దగ్గర, నేను నా సీట్లోనే, ఎప్పుడూ కూర్చునే పక్క సీట్లో, కింద నా బ్రేకు. ఆసుపత్రికి వెళ్ళాలంటే ఆ వాలే దిగాలి. రోలండ్ రెండు చేతులతో బిగపట్టుకుని ముసలి గేదెలా నడుపుతున్నాడు, ఎడమవైపు గీత తొక్కుతున్నాడు, చెప్పాలని నాలుక దాకా వచ్చింది, మింగాను. కింద బడి, ఎర్ర పలకావిడ లేదు ఈ వేళప్పుడు, ఆగమనే గుర్తు మాత్రం ఉంది. నా కుడి కాలు తనంతట తను ముందుకి పాకింది. బ్రేకు మీద ఉందో పక్కనుందో నాకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. రెండు చేతులతో తువ్వాలు మూట పట్టుకుని ఎత్తాను, వెనక్కి లాగి సీటుకి ఆనించి పట్టుకున్నాను, కళ్ళు మూసుకున్నాను.

బండి ఆగింది.